చూస్తుండగా చెక్కిన బొమ్మ

పలనాడులో చాలా ఇళ్ళల్లో నాపరాళ్ళు పరిచి ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రాయి మీద కొంగు పరుచుకుని పడుకుంటే ఒళ్ళంతా చల్లబడుతుంది. అదే రాయి మీద నిమ్మరసమో, చింతపండు పులుసో ఒలికితే మాత్రం మచ్చ పడుతుంది. ఎంత తుడిచినా పోదు. ఎందుకని?

ఆ రాయిలో ఉన్నది సున్నం. సున్నపు రాయికి పులుపు పడదు. పులుపు తగిలిన చోట రాయి పైపైన కొంచెం కరుగుతుంది. నున్నగా మెరిసే రాయి అక్కడ మసకబారి గరుకు తేలుతుంది. అది మురికి కాదు, కడిగితే పోవడానికి.

ఈ సున్నపు రాయి మీదే పలనాడులో ఎంతోమంది బతుకుతున్నారు. పిడుగురాళ్ళలో దీన్ని బట్టీల్లో కాల్చి సున్నం తీస్తారు. మాచర్ల వైపు దీనితో సిమెంటు చేస్తారు. పలకలుగా తీసి ఇళ్ళకు పరుస్తారు. బట్టీల దగ్గర రాయి మోసే ఆడకూలీలకు దాని బరువెంతో తెలుసు. ఆ వేడి ఎంతో కూడా తెలుసు.

మాచర్లకు దగ్గర్లోనే దుర్గి అనే ఊరుంది. అది మండల కేంద్రం. అక్కడ ఈ రాయితో ఇంకో పని కూడా చేస్తారు. బొమ్మలు చెక్కుతారు. దేవుళ్ళ విగ్రహాలు, బుద్ధుడి బొమ్మలు, గుడికి కావలసిన చెక్కడాలు చేస్తారు. తాత చేసిన పని తండ్రి చేశాడు, తండ్రి చేసిన పని కొడుకు నేర్చుకున్నాడు. అట్లా తరతరాలుగా సాగింది. ఈ పాఠం ఆ పని గురించే. అయితే బొమ్మ ఎంత అందంగా ఉందో చెప్పడానికి కాదు. బొమ్మ చేసేవాడు నలుగురి ముందు కూర్చుని, చేస్తూ చూపిస్తే ఏమవుతుందో చెప్పడానికి.

బొమ్మల ప్రదర్శన చాలామంది చూసే ఉంటారు. తిరునాళ్ళలో చూస్తాం. పట్నంలో ఎగ్జిబిషన్‌లో చూస్తాం. బల్లల మీద సరుకు పేర్చి ఉంటుంది. వెళ్ళి చూస్తాం, ధర అడుగుతాం, సగానికి బేరం ఆడతాం. ఇస్తే కొంటాం, లేకపోతే వచ్చేస్తాం. ఆ వస్తువు ఎవరు చేశారో, ఎట్లా చేశారో అడగం. అడిగినా అక్కడ అమ్మే మనిషికి తెలియకపోవచ్చు.

ఇంకో రకం ప్రదర్శన ఉంది. అక్కడ బల్ల మీద సరుకుతో పాటు చేసే మనిషి కూడా ఉంటాడు. కింద గోనెపట్టా పరుచుకుని పనిముట్లు ముందు పెట్టుకుని పని చేస్తుంటాడు. చూసేవాళ్ళు చుట్టూ కూర్చుంటారు. ఏదైనా అడగొచ్చు. పిల్లలు పనిముట్టు పట్టుకుని చూడొచ్చు. హర్యానాలో సూరజ్‌కుండ్ అనే చోట 1987 నుంచి ఏటా ఫిబ్రవరిలో ఇట్లాంటి మేళా పెడుతున్నారు. ఢిల్లీలో చేతిపనుల మ్యూజియం ఉంది. దేశం నలుమూలల నుంచి పనివాళ్ళను అక్కడికి పిలిపించి, వాళ్ళ పనిని జనం ముందు చేయించేవారు. హైదరాబాదులో శిల్పారామం ఉంది. అక్కడ కూడా చేతిపనుల మేళాలు జరుగుతాయి.

దుర్గి శిల్పి ఒకతను అట్లాంటి ప్రదర్శనలో కూర్చున్నాడు అనుకోండి. అతని దగ్గరికి పట్నం ఆవిడ ఒకామె వచ్చింది. అరచెయ్యంత వినాయకుడి బొమ్మ చేతిలోకి తీసుకుంది.

"ఎంతయ్యా ఇది?"

"రెండు వేలమ్మా."

"ఇంత రాతిముక్కకు రెండు వేలా! అదే బొమ్మ అచ్చులో పోసింది మూడొందలకు వస్తుంది. ఐదొందలకు ఇస్తావా?"

"ఒక్క నిమిషం కూర్చో తల్లీ. కొనకపోయినా పరవాలేదు. చూసి వెళ్ళు."

ఆమె కూర్చుంది. అతను మళ్ళీ పనిలో పడ్డాడు. ఆమె ఏం చూసిందో చూద్దాం.

మొదట అతను ఒక రాతిముక్కను సుత్తితో చిన్నగా తట్టాడు. ఖంగుమని మోగింది. ఇంకోదాన్ని తట్టాడు. దబ్‌మని మొద్దుగా పలికింది. దాన్ని పక్కన పెట్టేశాడు. "ఇందులో పగులుందమ్మా. పైకి కనపడదు. నాలుగు రోజులు చెక్కాక, ముక్కు చెక్కేటప్పుడు రెండు ముక్కలవుతుంది" అన్నాడు. సంతలో కొత్త కుండ కొనేటప్పుడు మీరు వేలితో తట్టి చూస్తారు కదా. ఇదీ అంతే. పాత శిల్పశాస్త్రాల్లో రాళ్ళకు ఆ మోతను బట్టే ఆడరాయి, మగరాయి అని పేర్లు పెట్టారు.

తరవాత రాయి మీద గీతలు గీశాడు. ముందు నిలువుగా ఒక గీత. అది బొమ్మకు వెన్నెముక లాంటిది. దానికి అడ్డంగా కొలతలు. ఈ కొలతల్లో ఒక చిత్రం ఉంది. మీరు కూడా చేసి చూడండి. మీ అరచేతిని మణికట్టు నుంచి నడిమి వేలి కొన దాకా కొలవండి. ఇప్పుడు అదే చేతిని ముఖం మీద పెట్టుకోండి, గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు దాకా. దాదాపు సరిపోయింది కదూ! శిల్పులు ఈ కొలతను తాళం అంటారు. దేవుడి విగ్రహం ఎత్తు తొమ్మిది తాళాలో పది తాళాలో ఉండాలని లెక్క. వినాయకుడి లాంటి పొట్టి రూపాలకు అంతకంటే తక్కువ. టేపు లేని రోజుల్లో కూడా విగ్రహాలు కొలతకు వచ్చాయంటే ఈ లెక్క వల్లే.

అప్పుడు మొన ఉన్న ఉలి తీసుకున్నాడు. అక్కర్లేని రాయిని పెచ్చులు పెచ్చులుగా రాల్చాడు. ఈ పని చూడటానికి మోటుగా ఉంటుంది గానీ భయమంతా ఇక్కడే. చీరకు కుచ్చిళ్ళు తప్పుగా కుడితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. గోడకు మట్టి ఎక్కువ మెత్తితే గీకేయొచ్చు, తక్కువైతే ఇంకొంచెం మెత్తొచ్చు. రాయిలో ఒకసారి తీసేసింది మళ్ళీ అతకదు. అందుకని శిల్పి ఎప్పుడూ కావలసిన దాని కంటే కొంచెం ఎక్కువ రాయి ఉంచుకుంటాడు. ముక్కు పెద్దదిగా ఉంచుతాడు. చివరికి తగ్గించుకుంటాడు.

ఆ తరవాత అంచు చదునుగా ఉన్న ఉలి. సుత్తి దెబ్బలు చిన్నవయ్యాయి. ముఖం తేలింది. చివరికి తొండం మీద గీతలు, మెడలో హారం. అదయ్యాక నీళ్ళు పోసి గరుకురాయితో రుద్దడం. తిరగలికి గంట్లు కొట్టించేటప్పుడు రాయి ఎట్లా గరుకు తేలుతుందో చూశారు కదా. ఇక్కడ దానికి ఎదురు పని. గంట్లన్నీ పోయేదాకా రుద్దాలి. ముందు గరుకుగా ఉన్నదానితో, తరవాత నున్నటిదానితో.

మధ్యలో అతను ఉలి మార్చాడు. "ఏం, అది పాడయిందా?" అంది ఆమె. "మొన పోయిందమ్మా. రాయి ఉలిని తింటుంది. కొలిమిలో కాల్చి, సాగగొట్టి మళ్ళీ పదును పెట్టుకోవాలి" అన్నాడు.

చివరికి ఆమె తనే లెక్క వేసింది. బొమ్మకు నాలుగు రోజులు పట్టిందన్నాడు. రోజుకు నాలుగొందల యాభై కూలి అనుకుంటే నాలుగు రోజులకు పద్దెనిమిది వందలు. రాయికి, దాని రవాణాకు, ఉలి పదునుకు నూటయాభై. మొత్తం పందొమ్మిది వందల యాభై. మిగిలింది యాభై రూపాయలు! మీరు కూడా పలక మీద ఈ లెక్క వేసి చూడండి.

ఆమె కొన్నదా లేదా అన్నది వేరే మాట. కానీ ఐదొందల మాట మళ్ళీ ఎత్తలేదు.

పనివాడు చేసి చూపిస్తే బేరం మారుతుంది. ఇది ఒక లాభం. అయితే ఇదొక్కటే కాదు. పెద్ద లాభం ఇంకోటుంది. దాని దగ్గరికి వచ్చే ముందు ఒక చిక్కు ముచ్చట చెప్పుకోవాలి.

దాచుకోవడమా, చెప్పడమా?

పాతకాలంలో చేతిపని గుట్టు బయటివాళ్ళకు చెప్పేవాళ్ళు కాదు. ఆ కులం వాళ్ళకే, ఆ ఇంటి వాళ్ళకే నేర్పేవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో కూతురికి కూడా నేర్పేవాళ్ళు కాదు. ఆమె అత్తగారింటికి పోతుంది, గుట్టు ఆమెతో పోతుంది అని భయం. దీన్ని స్వార్థం అనడం తేలిక. కానీ ఆ పని తప్ప వాళ్ళకు ఎకరం పొలం లేదు. తెలిసిన పనే వాళ్ళ పొలం. పొలానికి కంచె వేసుకోరూ? ఇదీ అట్లాంటిదే.

కానీ కంచె బిగిస్తే ఇంకో నష్టం వచ్చింది. ఆ ఇంట్లో పిల్లలు వేరే ఉద్యోగాలకు పోతే పని అక్కడితో ఆగిపోయింది. నేర్చుకునే బయటివాళ్ళు లేరు. గుట్టు దాచినవాళ్ళతోనే గుట్టు కూడా మట్టిలో కలిసింది. ఆడపిల్లకు నేర్పకపోవడం వల్ల ఇంట్లోనే సగం చేతులు ఖాళీగా ఉండిపోయాయి.

శ్రీకాళహస్తిలో సరిగ్గా ఇట్లాంటి పరిస్థితే వచ్చింది. అక్కడ కలంకారీ పని ఉంది. గుడ్డ మీద కలంతో రామాయణ, భారత కథల బొమ్మలు గీస్తారు. ఒకప్పుడు అవి గుళ్ళల్లో వేలాడేవి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చే నాటికి ఆ పని తెలిసినవాళ్ళు కొద్దిమందే మిగిలారు. అప్పుడు కమలాదేవి చటోపాధ్యాయ అనే ఆవిడ పూనుకుంది. ఆమె స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళిన మనిషి. చిన్న వయసులోనే భర్త పోతే మళ్ళీ పెళ్ళి చేసుకుని, అప్పట్లో లోకాన్ని ఎదిరించింది కూడా. దేశమంతా తిరిగి చేతిపనులను నిలబెట్టింది. 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పే కేంద్రం మొదలైంది. పని తెలిసిన పెద్దలే గురువులు. కొత్తవాళ్ళు శిష్యులు. ఇంటి గుట్టు బడి పాఠమయింది.

ఆ పాఠంలో ఏముందో కొంచెం చూద్దాం. అందులో ఉన్నవన్నీ మీకు తెలిసిన సరుకులే.

ముతక నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలెందుకు? పాలలో వెన్న ఉంటుంది. దాని వల్ల రంగు గుడ్డ మీద పాకదు, గీసిన చోటే నిలుస్తుంది. చింతపుల్లను కాల్చి ఆ బొగ్గుతో బొమ్మ గీస్తారు. తరవాత నల్లరంగు. దాన్ని చేసే తీరు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తుప్పు పట్టిన ఇనపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. ఆ నీళ్ళకు కసిమి అని పేరు. కుండలో ఉన్నప్పుడు అది పెద్ద నలుపుగా ఉండదు. గుడ్డ మీద గీయగానే అందులోని ఇనుము, గుడ్డకు పట్టిన కరక్కాయ వగరు కలిసి చిక్కటి నలుపవుతుంది. ఎర్రరంగు కావలసిన చోట పటికనీళ్ళు పూసి, ఆ తరవాత గుడ్డను రంగునీళ్ళలో ఉడకబెడతారు. పటిక ఉన్న చోటే ఎరుపు గట్టిగా పడుతుంది. పసుపుకు కరకపువ్వు, నీలానికి నీలిమందు. మధ్యమధ్యలో పారే నీళ్ళలో ఉతకాలి. అక్కడ స్వర్ణముఖి నది ఉంది కాబట్టి సరిపోయింది. కలం అంటే సిరాకలం కాదు. వెదురుపుల్లకు మొన దగ్గర గుడ్డపీలిక చుట్టి దారం కడతారు. గుడ్డ రంగును పీల్చుకుంటుంది. వేళ్ళతో ఒత్తితే మొనలోంచి దిగుతుంది.

జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారు ఆ ఊరి కలంకారీ చిత్రకారుడు. తండ్రి దగ్గర పని నేర్చుకున్నారు. చాలామందికి నేర్పారు. 2008లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఇవాళ శ్రీకాళహస్తిలో ఈ పని చేసేవాళ్ళల్లో ఆడవాళ్ళే చాలామంది. ఇంటి వసారాలో గుడ్డ పరుచుకుని, ఒక పక్క పిల్లల్ని చూసుకుంటూ రంగులు నింపేవాళ్ళు ఉన్నారు. తలుపు మూసి ఉంచితే వీళ్ళ చేతికి కలం అందేది కాదు. ఆ పెద్ద లాభం ఇదే.

రాతిపనికి కూడా బడి ఉంది. తిరుపతిలో దేవస్థానం వాళ్ళు 1960లో శిల్పం నేర్పే సంస్థ పెట్టారు. అక్కడ రాతి చెక్కడం నేర్పుతారు. కలంకారీ కూడా నేర్పుతారు. అయినా సుత్తి, ఉలి పట్టిన ఆడవాళ్ళు ఇప్పటికీ బహు తక్కువ. "రాయి బరువు, ఆడవాళ్ళ వల్ల కాదు" అంటారు. క్వారీలో తట్టలతో రాయి మోయించేటప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తు రాదు!

అన్నీ చెప్పేస్తే ఎవరైనా దొంగిలించరా, అని మీకు అనుమానం రావచ్చు. రావలసిందే. పెద్ద ఫ్యాక్టరీవాడు చూసి, అచ్చు పోసి, "ఇదీ దుర్గి బొమ్మే" అని అమ్ముకోవచ్చు. దానికోసం ఒక చట్టం ఉంది. 1999లో చేశారు. ఒక ఊరి పేరుతో పేరు పడ్డ వస్తువుకు ఆ పేరును రిజిస్టరు చేస్తారు. ఆ తరవాత వేరే చోట చేసిన సరుకుకు ఆ పేరు పెట్టి అమ్మకూడదు. దీన్ని భౌగోళిక గుర్తింపు అంటారు. తిరుపతి లడ్డుకు ఉంది. దుర్గి రాతి చెక్కడాలకు కూడా ఉంది. అయితే కాగితం మీద గుర్తింపు ఉంటే సరిపోదు. కొనేవాళ్ళకు అసలేదో, నకిలీ ఏదో తెలియాలి. పని జరిగేటప్పుడు చూసినవాళ్ళకే ఆ తేడా పడుతుంది. అచ్చుబొమ్మలో ఉలి గుర్తు ఉండదు. అచ్చు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. చేత్తో చెక్కినవి ఏ రెండూ అచ్చం ఒకటిగా ఉండవు. కాబట్టి చేసి చూపించడం కూడా ఒక కాపలానే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రాయి చెక్కేచోట ధూళి లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. నల్లరాయి, ఇసుకరాయి ధూళి ఇంకా చెడ్డది. రాయిని తడిపి చెక్కాలి. ముక్కుకు, నోటికి మాస్కు పెట్టుకోవాలి. అది లేకపోతే తడిగుడ్డ అయినా కట్టుకోవాలి. పిల్లల్ని ఆ ధూళిలో ఆడుకోనివ్వకూడదు. బట్టీల్లో, క్వారీల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకు కూడా ఇదే మాట.

విధికుడి పేరు

మాచర్ల నుంచి విజయపురి సౌత్ వెళ్తే అక్కడి నుంచి లాంచీ ఉంటుంది. సాగర్ నీళ్ళ మధ్య నాగార్జునకొండ అనే దీవికి తీసుకెళ్తుంది. అది ఒకప్పుడు దీవి కాదు, కొండ. దాని కింద లోయలో సుమారు 1,700 ఏళ్ళ కిందట ఇక్ష్వాకు రాజుల రాజధాని ఉండేది. దాని పేరు విజయపురి. 1955లో సాగర్ డ్యాముకు పునాదిరాయి పడింది. నీళ్ళు వస్తే లోయ మునిగిపోతుందని, అంతకు ముందే తవ్వి, అక్కడి శిల్పాల్ని కొండ మీదికి చేర్చారు. వాటిని పెట్టిన మ్యూజియం 1966 నుంచి ఉంది. ఆ శిల్పాలు కూడా పలనాటి సున్నపు రాయితో చేసినవే. మీ ఇంట్లో నేల మీద పరిచిన రాయికి దగ్గర చుట్టమే.

ఆ రాళ్ళ మీద రాతలున్నాయి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. అందులో ఆడవాళ్ళ పేర్లు చాలా ఉన్నాయి. రాజు చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి దానం ఇచ్చినట్టు రాసి ఉంది. బోధిసిరి అనే ఇంకో ఆమె ఉంది. ఆమె రాణి కాదు. బుద్ధుణ్ణి కొలిచే గృహిణి. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. చెరువు, మండపాలు కట్టించింది. ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో ఆ శాసనంలో వరసగా రాయించింది.

ఆ శాసనం చివర్లో ఇంకో పేరుంది. పని చూసిన భిక్షువుల పేర్ల తరవాత, ఇది రాతిపనివాడు విధికుడి పని అని ఉంది. ఆ లోయలో వందల శిల్పాలు చెక్కినవాళ్ళున్నారు. వాళ్ళల్లో పేరు మిగిలినవాళ్ళు బహు తక్కువ. కట్టించినవాళ్ళ పేరు ఉంటుంది, కట్టినవాళ్ళ పేరు ఉండదు. బోధిసిరి శాసనంలో రెండూ ఉన్నాయి. సొమ్ము ఇచ్చిన ఆడమనిషి పేరు, ఉలి పట్టిన మనిషి పేరు ఒకే రాతి మీద ఉన్నాయి.

ఇవాళ ప్రదర్శనల్లో బొమ్మ పక్కన చిన్న అట్టముక్క పెడుతున్నారు. దాని మీద వస్తువు పేరు, ఊరు పేరు, చేసినవాళ్ళ పేరు ఉంటాయి. పొదుపు సంఘాల వాళ్ళు సరుకు అమ్మే సరస్ మేళాల్లో కూడా ఆడవాళ్ళు తమ సరుకు ముందు తామే నిలబడుతున్నారు. ఆ అట్టముక్క మీద పేరు ఎవరు రాయాలి? ఇన్నాళ్ళూ చదువు వచ్చినవాళ్ళు రాసి పెట్టేవాళ్ళు. ఒక్కోసారి తప్పు రాసేవాళ్ళు. ఒక్కోసారి అసలు రాసేవాళ్ళు కాదు.

కేంద్రంలో మాట్లాడుకోండి

మీ ఊళ్ళో చేతిపని తెలిసినవాళ్ళు ఎవరున్నారు? ఈత చాపలు అల్లేవాళ్ళా, బుట్టలు అల్లేవాళ్ళా, బొంతలు కుట్టేవాళ్ళా, కుండలు చేసేవాళ్ళా? వాళ్ళల్లో ఒకరిని ఒక సాయంత్రం కేంద్రానికి పిలవండి. పనిముట్లు కూడా తెమ్మనండి. మీ ముందు కూర్చుని చేయమనండి. ఎన్ని గంటలు పట్టిందో, సరుకుకు ఎంత ఖర్చయిందో అడిగి రాసుకోండి. ధర ఎంత ఉండాలో మీరే లెక్క కట్టండి.

మీకు వచ్చిన పని ఏదైనా ఒకటి తీసుకోండి. పచ్చడి పట్టడమైనా సరే, ముగ్గు వేయడమైనా సరే. ముందు ఏం చేస్తారు, తరవాత ఏం చేస్తారు, ఎక్కడ తప్పు జరిగే అవకాశం ఉంది? పక్కామెకు చెప్పినట్టే చెబుతూ రాయండి. మీరు రాసింది చూసి, ఆ పని రాని ఇంకొకామె చేసి చూడాలి. ఎక్కడైనా ఆమె ఆగిపోతే, ఆ చోట మీరు ఒక మాట వదిలేశారన్నమాట. ఆ మాట చేర్చి, కింద మీ పేరు, మీ ఊరి పేరు రాయండి.